సీసాల చెరుకుకు దీపాలు

శనివారం ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు సికింద్రాబాదు మీటర్‌గేజి ప్లాట్‌ఫారం మీద ఉన్నవారు, ఉన్నవి: కరెంటు పని చేసే నేను, మా వర్క్‌షాపులో లేత్ మిషను మీద పనిచేసే సామ్యేలు, గడ్డి పరిచిన చెక్కపెట్టె ఒకటి, అందులో అరవై వాట్ల బల్బులు ఇరవై నాలుగు, తాడుతో కట్టిన రేకు షేడ్లు ఇరవై నాలుగు, వైరు చుట్టలు రెండు, హోల్డర్లు, టెస్టరు, ఫ్యూజు తీగ, టేపు వేసిన గుడ్డసంచి, సామ్యేలు తన తల్లికోసం కొన్న బన్‌రొట్టెల పొట్లం. ఆ పొట్లం బల్బుల పెట్టె మీద పెట్టబోతుంటే నేను ఒప్పుకోలేదు. అతను దాన్ని చంకలో పెట్టుకున్నాడు.

ప్రయాణానికి కారణం ఇది. సామ్యేలుది బోధన్. అతని తల్లి రాహేలమ్మ అక్కడి చక్కెర ఫ్యాక్టరీ ప్రయోగశాలలో గాజు సామాను కడుగుతుంది. నాలుగేళ్ళుగా ఆమె చర్చి తోటలో గాజుతో చెరుకుచేను లాంటిది ఒకటి కడుతూ వచ్చింది. అది తోటలో ఉండకూడదని చర్చి కమిటీ తీర్మానం చేసింది. ఆదివారం సాయంత్రం కోతపండుగ. అది అయ్యాక తీసేస్తారు. "పండుగ పొద్దుమీకి అయితది భై," అన్నాడు సామ్యేలు. "అప్పటికి చీకటైతది. అది ఏంటిదో ఎవనికి కనపడతలేదు. ఒక్కసారి మంచిగ ఎలుగు పెడితే సూస్తరు. సూస్తే తియ్యరు." అది నాకు చేతనైన పనే అనిపించింది. ఒప్పుకున్నాను.

అతను నాతో అన్న అసలు మాట ఏమిటంటే, "మా అవ్వ అద్దాల చెరుకు పెట్టింది." మాది ఏలూరు. మా వైపు ఉత్త అద్దం అంటే మొహం చూసుకునేది. లంబాడీ స్త్రీల రవికల మీద కుట్టే అద్దపు బిళ్ళలు నా కళ్ళలో మెదిలాయి. అద్దానికి వెలుగు ఎదురుగా కొట్టాలి. అది తిరిగి చూసేవాడి వైపు రావాలి. షేడ్లు అందుకే చేయించాను. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

బండి ఏడు దాటి అయిదు నిమిషాలకు కదిలింది. మూడో తరగతిలో కిటికీ పక్కన చోటు దొరికింది. బల్బుల పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాను. మేడ్చల్ దాటేసరికి మోకాళ్ళు తిమ్మిరెక్కాయి. ఎదురు బల్ల మీద తునికాకు కట్టలతో ఒకామె కూర్చుని ఉంది. కామారెడ్డిలో దిగుతుందట. చేటలో ఆకు, తంబాకు పెట్టుకుని, బండి ఊగుతున్నా చెయ్యి ఆపకుండా బీడీలు చుడుతోంది.

"ఏముందయ్యా డబ్బల, గుడ్లా?" అంది.

"బల్బులండీ."

"బుగ్గలా! మరి పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నవ్. ఇటు తే. నా ఆకు మీద పెట్టు. దూది లెక్కుంటది."

పెట్టాను. పక్కనున్న ముసలాయన, "ఆకు నలిగితే సేటు ఊకుంటడా?" అన్నాడు. "బుగ్గలకేం బరువున్నది? నీ లెక్క కూసున్నయా?" అని ఆమె చుట్టిన బీడీని చేటలో పడేసింది. కామారెడ్డి పది ముప్పావుకు వచ్చింది. ఆమె దిగేముందు పెట్టె తిరిగి నా ఒళ్ళో పెట్టి, "పగలలే కదా, సూసుకో," అంది. మూత తీసి చూశాను. ఇరవై నాలుగు.

నిజామాబాదు చేరేసరికి పన్నెండున్నర. స్టేషను ఎదుటి హోటలులో భోజనం: అన్నం, పప్పు, చింతపండు పచ్చిపులుసు, మజ్జిగ. జొన్నరొట్టె కావాలంటే ముందే చెప్పాలి. అప్పటికప్పుడు చేస్తారు, పావుగంట పడుతుంది. ఇక్కణ్ణించి బోధన్‌కు రైలూ ఉంది, బస్సూ ఉంది. చెరుకు కోతల కాలంలో వెళ్ళేవారు రైలు దొరికితే రైలే ఎక్కడం మంచిది. మాకు అది దొరకలేదు. ఒకటిన్నర బస్సు ఎక్కాం. కండక్టరు షేడ్ల కట్టను చూసి దానికి కూడా అర టికెట్టు కొట్టాడు. "మనిషంత జాగ తిన్నది," అన్నాడు. ధర్మాబాదు వెళ్ళే వ్యాపారి ఒకాయన దానిమీద మరాఠీలో ఏదో అన్నాడు. కండక్టరు కూడా నవ్వాడు, నాకు అర్థం కాలేదు.

దారిలో చెరుకు బండ్లను దాటడానికే సగం సేపు పట్టింది. బండ్లు ఎనభై నాలుగు వరకు లెక్కపెట్టి ఆపేశాను. చక్కెర తీశాక మిగిలే మడ్డి వాసన బోధన్‌కు ఎంతో ముందే బస్సులోకి వచ్చింది. మూడు గంటల పది నిమిషాలకు దిగాం.

చర్చి ఊరి తూర్పు కొసన ఉంది. తోటకు తూర్పు గోడ మోకాలెత్తు. గోడ అవతల చెరుకు పొలాలు. ఆ గోడకు నాలుగడుగుల ఇవతల రాహేలమ్మ కట్టినది నిలబడి ఉంది. నేను పెట్టె కింద పెట్టి కాసేపు ఊరికే చూశాను. చూసినది వరసగా చెబుతాను.

నేలలో పాతిన ఇనప చువ్వలు ముప్పై ఆరు, ఆరేసి చొప్పున ఆరు గుబుర్లు. ఒక్కో చువ్వకు అడుగు తీసేసిన సీసాలు ఒకదాని మెడ మీద ఒకటి గుచ్చి ఉన్నాయి. సీసా మీద సీసా ఆనిన చోటల్లా చెరుకు కణుపు లాగే ఉంది. ఎక్కువ ఆకుపచ్చ, కొన్ని ముదురు గోధుమ, రెండు మూడు మందుసీసాల నీలం. కిటికీ గాజును సన్నగా కోసి ఆకులు చేసింది. పైన పూతవెన్నుకు ప్రయోగశాలలో విరిగిన సన్న గొట్టాలు కుచ్చుగా కట్టింది. ఎత్తు ఏడడుగులు, పొడుగు పదహారు. మొహం కనిపించే అద్దం మొత్తానికి ఒక్కటి కూడా లేదు.

"అద్దాలు ఏవి?" అన్నాను.

"అగో, అన్ని అద్దాలే కదా!" అన్నాడు సామ్యేలు.

"ఇది గాజు!"

"గాజులంటే ఆడోళ్ళ చేతికుంటయ్. ఇది అద్దం."

ఇరవై నాలుగు షేడ్లు ఎందుకు తెస్తున్నానో ముందే అడగలేదేమని నిలదీశాను. "నువ్వు డిప్లొమా సదివినోనివి. నీకు నేనేం జెప్పాలె?" అన్నాడు. నేను షేడ్ల కట్ట తాడు విప్పాను.

రాహేలమ్మ ఫ్యాక్టరీ నుంచి నాలుగింటికి వచ్చింది. చిన్న మనిషి, వేళ్ళ మీద పాత గాట్లు. బన్‌రొట్టె విరిచి ముందు నాకు పెట్టింది. సీసా ఎలా కోశావమ్మా అంటే, నూలుపోగు గాసునూనెలో తడిపి చుట్టి, అంటించి, వేడెక్కాక చల్లనీళ్ళలో ముంచితే పోగు ఉన్నచోటే తెగుతుందని చెప్పింది. "పదిట్ల నాలుగు పగులుతయ్ బిడ్డ. పగిలినయి ఆకులకు పనికొస్తయ్."

గాజైనా వెలుగు పడితే మెరవకపోతుందా అనుకున్నాను. ముందు పక్క వరసగా కర్రలు పాతి, చర్చి నుంచి వైరు లాగి, ఇరవై నాలుగు దీపాలూ కట్టాను. అయిదున్నరకు కమిటీ పెద్ద యాకోబుగారు, మరో ఇద్దరు వచ్చారు. తెల్ల పంచె, చేతిలో తీర్మానాల పుస్తకం. లోపల మర్నాటి పాటలు మైకులో సాధన చేస్తున్నారు. చీకటి పడ్డాక స్విచ్చి వేశాను.

గాజు నల్లబడింది. ఒక్కో సీసా మీద ఒక్కో బల్బు తెల్లని చుక్కగా కనిపించింది; రంగు లేదు, కణుపు లేదు, ఆకు లేదు. వెనక అంతా చీకటి.

యాకోబుగారు పుస్తకం చంకలో పెట్టుకున్నారు. "మంచిగున్నది కొడుకా. ఇంతకు ముందు సారా దుకాణమని నేనంటే ఎవ్వలు నమ్మలే. ఇప్పుడు దీపాలతోని గూడ గట్లనే ఉన్నది."

ఆ మాట పూర్తికాగానే తోట, చర్చి ఒకేసారి చీకటైపోయాయి. మైకు ఆగింది. పాట రెండు గొంతుల్లో కాసేపు నడిచి అదీ ఆగింది. ఫ్యూజు పోయింది.

"పాట గూడ బంద్ జేసిండు!" అన్నారు వెనకనుంచి ఎవరో. నవ్వారు.

యాకోబుగారు చీకట్లోనే మాట్లాడారు. "రాహేలూ, నీ మీద నాకేం కోపం లేదమ్మా. ఈ సీసలు యాడికెల్లి వచ్చినయో ఊరందరికెరుక. దేవుని తోటల ఉండేటియి కావు."

"ఎరుకే పెద్దన్నా," అంది ఆమె. "మొదటి గుబురు సీసలన్ని మా ఇంట్లయే. సామ్యేలు వాళ్ళ బాపు తాగి పారేసినయి. కడిగిన, కోసిన, గుచ్చిన. మిగిలినయి కబాడి దుకాణంలయి. మీ ఇంట్లకెల్లి ఆ దుకాణంకు పోయినయి గూడ రెండున్నయ్."

ఈసారి నవ్వు పెద్దగా వచ్చింది. యాకోబుగారు నవ్వలేదు. "పుస్తకంల రాసున్నది. పండుగ అయినంక తియ్యాలె," అని వెళ్ళిపోయారు.

కొత్త ఫ్యూజు తీగ వేసి, చర్చి దీపాలు వెలిగించి, రాహేలమ్మ ఇంటి అరుగు మీద కాగితం తీసి లెక్క వేశాను. ఫ్యూజు అయిదు ఆంపియర్లు; రెండువందల ముప్పై వోల్టుల మీద పదకొండువందల యాభై వాట్లు. చర్చి దీపాలు మూడువందల ఇరవై. మైకు సెట్టు నూట యాభై. నాకు మిగిలేది ఆరువందల ఎనభై. నేను పెట్టింది పద్నాలుగువందల నలభై.

"ఫ్యూజుల లావు తీగ ఎయ్యి," అన్నాడు సామ్యేలు.

"చర్చిలో వైరింగు పాతది. పండుగనాడు కప్పు అంటుకుంటే?"

"అయితే కాదా పని?"

"అవుతుంది. పదకొండు బల్బులతో అవ్వాలి."

ఎలాగో నాకు తెలియదు. కానీ అది చెయ్యకుండా సికింద్రాబాదు వెళ్ళకూడదని మాత్రం నిశ్చయించుకున్నాను. తప్పు గాజుది కాదు, నాది. పొద్దున్నే లేవాలని త్వరగా పడుకున్నాం.

ఆదివారం ఆరుంబావుకు రాహేలమ్మ నన్ను లేపింది. "రా బిడ్డ. నేను సూసే టయానికి నువ్వు గూడ సూడాలె."

తోటలోకి వెళ్ళాం. చెరుకు పొలాల మీద మంచు తెల్లగా దట్టంగా ఉంది. సూర్యుడు ఇంకా పైకి రాలేదు, కానీ ఆ మంచంతా వెలుగుతోంది. దానిముందు ముప్పై ఆరు గడలూ పైనుంచి కింది దాకా పచ్చగా నిలబడి ఉన్నాయి. కణుపు కణుపుకూ రంగు మారుతోంది. సీసా గాజులో చిక్కుకున్న బుడగలు కూడా కనిపించాయి. వెన్నుల దగ్గర గాజు గొట్టాలు తెల్లగా ఉన్నాయి. నేను మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను, లెక్క అవసరమై కాదు.

పది నిమిషాలకు మంచు పలచబడి సూర్యుడు సూటిగా కనిపించాడు. అప్పుడు కళ్ళు జిగేలుమన్నాయి. ఒకటి రెండు గడలు తప్ప మిగిలినవి సరిగా తెలియలేదు.

"అయిపోయింది," అంది ఆమె. "నేను ఫ్యాక్టరీకి పొయ్యే ముంగట గింత సేపే. చర్చికొచ్చేటోళ్ళు తొమ్మిదింటికి వస్తరు. అప్పటికి ఏముంటది?"

నాలుగేళ్ళలో ఆ చెరుకును అసలు రూపంలో చూసింది ఆమె ఒక్కతే అని అప్పుడు తెలిసింది. ఏం చెయ్యాలో కూడా అప్పుడే తెలిసింది. దీపం వెనక ఉండాలి. కానీ బల్బు గాజులోంచి నేరుగా కనపడకూడదు. మధ్యలో మంచు ఉండాలి.

"తెల్లగుడ్డ కావాలమ్మా. పల్చనిది. పొడుగు పద్దెనిమిది అడుగులు, ఎత్తు ఏడున్నర."

సామ్యేలు షామియానా వాళ్ళను అడుగుదామన్నాడు. వాళ్ళ దగ్గర ఎర్రది, పచ్చది ఉన్నాయి. బట్టల దుకాణాలు ఆదివారం మూసి ఉన్నాయి. రాహేలమ్మ ఇంటికి వెళ్ళి, పెట్టెలోంచి రెండు తెల్లచీరలు తెచ్చింది. ఇక్కడి క్రైస్తవ స్త్రీలు పండుగ ఆరాధనకు తెల్లచీరే కడతారు. ఆమెకున్నవి ఆ రెండే.

"మరి నువ్వేం కట్టుకుంటవవ్వా?" అన్నాడు సామ్యేలు.

"ఒంటి మీదున్నది లేదా? కొలువు బిడ్డ."

కొలిచాను. ఒక్కోటి ఆరు గజాలు. పన్నా నలభై అయిదు అంగుళాలు. ఒకదాని పైన ఒకటి కడితే సరిగ్గా పొడుగు పద్దెనిమిది, ఎత్తు ఏడున్నర.

పని క్రమం: తొమ్మిదిన్నరకు ముందువైపు కర్రలన్నీ పీకేశాం. పదకొండుకు గుబుర్ల వెనక, అడుగు దూరంలో, వెదురు కర్రలకు చీరలు బిగించి కట్టాం. ముడత ఉంటే నీడ పడుతుంది కనుక రాహేలమ్మ వాటిని రెండుసార్లు విప్పించింది. మధ్యాహ్నం జొన్నరొట్టె, వంకాయ కూర తిన్నాం. రెండింటికి చీర వెనక పదకొండు బల్బులు కట్టాను. బల్బుకూ చీరకూ మధ్య రెండడుగులు. అంతకన్న దగ్గరైతే గుడ్డకు వేడి తగులుతుంది, గుండ్రని మచ్చ కూడా కనిపిస్తుంది. షేడ్ల వీపు గోడ వైపు తిప్పి, వెలుగు చీర మీదికి మళ్ళేలా వంచాను. నాలుగున్నరకు వరసంతా మరోసారి పరీక్షించాను. మంచుకు తడవకుండా ప్రతి హోల్డరుకూ టేపు చుట్టాను.

ఆరాధన అయిదున్నరకు మొదలైంది. జనం మోసుకొచ్చినవి: వడ్ల మూటలు, మక్కకంకులు, గుమ్మడికాయలు, కోళ్ళు, ఒక మేకపిల్ల, చెరుకు మోపులు. ఆరాధన తర్వాత వాటిని తోటలో వేలం వేస్తారు. తెల్లచీరల మధ్య రాహేలమ్మ ఒక్కతే ఫ్యాక్టరీకి కట్టే ముదురాకుపచ్చ చీరలో కూర్చుంది.

బయటికి వస్తుంటే ఒకావిడ ఆపి, "ఏందే రాహేలూ, పండుగకు పనిచీరనా?" అంది.

"నా తెల్లచీరలు ముందుగాలనే వచ్చి తోటల నిలవడ్డయ్," అంది రాహేలమ్మ.

ఆరు గంటల ఇరవై నిమిషాలు. మైకు పనిచేస్తోంది. చర్చి దీపాలు వెలుగుతున్నాయి. స్విచ్చి వేశాను.

ఫ్యూజు నిలిచింది. మొదట చూసింది అదే. తర్వాత తలెత్తాను. పొద్దున చూసిన మంచు అక్కడ ఉంది, దానిముందు చెరుకు ఉంది. వేలానికి తెచ్చిన నిజమైన చెరుకు మోపులను ఎవరో పక్కనే, ఆ చీరలకే ఆనించారు. అవి నల్లగా కనిపించాయి. గాజు చెరుకు పచ్చగా ఉంది. మేకపిల్లను తెచ్చినాయన దాన్ని చంకన వేసుకుని ముందుకు జరిగాడు.

ఒక ముసలమ్మ కర్ర ఊనుకుంటూ దగ్గరికి వచ్చింది. "అవ్వ! ఈ గడ పండింది, కొట్టుడుకు వచ్చింది. గా గడ ఇంకా పచ్చిది," అని వేలితో చూపించింది. చెరుకు కోసి బతికిన మనిషి. గోధుమరంగు సీసాలు పండిన గడలకే పెట్టిందని అప్పటిదాకా నాకు తట్టలేదు. "తెలిసిందా నీకు!" అంటూ రాహేలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. మిగిలిన గుబుర్ల దగ్గరికి కూడా ఆమెను తీసుకెళ్ళింది.

యాకోబుగారు ముందువరసలో కుర్చీలో కూర్చున్నారు. వేలం మొదలుపెట్టమని ఎవరో రెండుసార్లు అడిగారు. మూడోసారికి లేచారు. తీర్మానాల పుస్తకం చేతిలోనే ఉంది. ఎనిమిదింటికి వేలం ముగిశాక దీపాలు ఆర్పాను. తీసేస్తారో ఉంచుతారో ఎవరూ చెప్పలేదు. సామ్యేలు అన్నం సరిగా తినలేదు.

సోమవారం ఉదయం నేనొక్కణ్ణే బయలుదేరాను. సామ్యేలు ఒకరోజు సెలవు పొడిగించుకున్నాడు. ఎవరైనా గునపంతో వస్తే తోటలో ఉండాలని. దీపాలు విప్పబోతే రాహేలమ్మ, "ఉండనీ బిడ్డ, తీసేటప్పుడు తీస్తరు," అంది. చీరలు కూడా విప్పలేదు. ఏడుంబావు బస్సులో కూర్చున్నాక నా పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు. చూస్తే యాకోబుగారు, నిజామాబాదులో పన్ను చూపించుకోవడానికి వెళ్తున్నారు. దవడ వాచి ఉంది.

మొదటి చెరుకు బండి అడ్డం వచ్చి బస్సు ఆగింది. అప్పుడాయన అన్నారు: "ఆ రెండు సీసలు ఏ గడల ఉన్నయో నీకెరుకనా?"

"తెలియదండీ."

"మంచిది." బండి దాటాక, "రాత్రి పుస్తకం తీసి సదివిన. 'పండుగ అయినంక సీసలు తియ్యాలె' అని రాసిన. నా చేతి రాతే. ఏ పండుగ అని రాయలే."

"కోతపండుగ అనే కదండీ?" అన్నాను.

"క్రిస్మస్ గూడ పండుగే కదా," అన్నారాయన. "దాని తర్వాత ఈస్టరు ఉండె. మల్ల కోతపండుగ ఉండె. ఏ పండుగ అయినంక తియ్యాలెనో తేలాలంటే కమిటీ కూసోవాలె. కమిటీని కూసోబెట్టేది నేనే. నాకేమో పన్ను నొప్పి."

"కమిటీలో మిగిలినవాళ్ళు ఒప్పుకుంటారా?"

"ఒక్కడు రాత్రే అడిగిండు, క్రిస్మస్‌కు గా బుగ్గలుంటయా అని." దవడ పట్టుకుని కిటికీలోంచి చూశారు. "రాహేలుకు తెల్లగుడ్డ నేను కొని ఇస్త. పండుగకు పనిచీరతోని కూసుండుడు బాగలేదు."

నిజామాబాదులో నా పెట్టె ఒక కొస ఆయనే పట్టుకుని దింపారు. పదీ నలభైకి రైలు దొరికింది. కామారెడ్డి దగ్గర తునికాకు కట్టలామె కోసం చూశాను, లేదు. పెట్టె ఈసారి ఒళ్ళోనే ఉంది. తేలిగ్గానే ఉంది.

బోధన్ వెళ్ళేవారు ఆ తోట చూడదలిస్తే కోతల కాలంలో వెళ్ళాలి. చలికాలం పొద్దున ఆరున్నరకల్లా, పడమటి వైపు నిలబడి చూడాలి. పది నిమిషాలకన్న సమయం దొరకదు. పండుగ సాయంత్రమైతే తొందర లేదు. గాజుకు వెలుగు ఎక్కణ్ణించి రావాలో నేను మూడేళ్ళు చదివి నేర్చుకోలేదు. సీసాలు కడిగే ఆమె పొద్దున లేపి చూపించింది.

మేడ్చల్ దాటాక మూత తీసి లెక్కపెట్టాను. పగిలినవి లేవు. పెట్టెలో పదమూడు, బోధన్‌లో పదకొండు.